రజియా ఆపా ఆటలో బంగారం

మొన్న జడ్చర్ల బస్సులో పక్క సీటు అమ్మాయి ఫోనులో ఆట ఆడుతోంది. నాణేలు రాలుతున్న గలగల వినబడగానే నా వేళ్లు ఒళ్లోనే కదిలాయి. ఆ చప్పుడు నేను మొదట విన్నది రజియా ఆపా దుకాణంలో. అప్పటికి నాకు నలభై దగ్గరపడింది. ఒక్క అక్షరం రాదు.

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమెది పెళ్లి పత్రికలు అచ్చువేసే దుకాణం. తొంభైలు ముగిసే రోజుల్లో పాత కంప్యూటరు ఒకటి కొన్నది. నేను ఊడ్చి, పత్రికలు మడిచి, కవర్లలో పెట్టేదాన్ని. ఏ కట్ట ఎవరిదో ఆమే చెప్పాలి. "నీకు సదువొస్తె గల్లాపెట్టె నీకే అప్పజెప్త యాదమ్మా. లేకుంటె ఇంకో పిల్లను పెట్టుకోవాలె," అనేది. నవ్వుతూనే అనేది కానీ, ఉన్న పని పోతుందని నాకు గుబులు.

మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు కంప్యూటరులో ఒక ఆట పెట్టేది. కత్తి పట్టిన ఒక పిల్ల అడవిలో రాక్షసులను కొడితే బంగారం రాలుతుంది. దానితో ఊళ్లో మంచి కత్తి కొనవచ్చు, గాయాలకు మందు కొనవచ్చు. ఊరి చివరి గుడిసెలో ఒక ముసలాయన ఉంటాడు, బంగారమిస్తే మంత్రం నేర్పుతాడు. రాక్షసులు మీదికి రాగానే ఆపా వేళ్లు తడబడేవి. మడిచి మడిచి నా చేతులు చురుకయ్యాయి కనుక కొట్టే పని నాదయింది.

కొట్టాను, కూడబెట్టాను. ఖర్చు మాత్రం పెట్టనివ్వలేదు. మా ఇంట్లో బంగారు గుండ్లపేరు బియ్యం డబ్బాలో గుడ్డ చుట్టి ఉండేది. కరువులో కూడా తీయలేదు. బంగారం బయటికి తీశామంటే ఇల్లు చెడిందనే లెక్క మాకు.

"ఏందే, గంత బంగారం ఏం జేస్తవ్? ఆ బొమ్మకు పెండ్లి జేస్తవా?"

"చేస్తె తప్పేంది ఆపా? ఉత్త మెడతోని పంపుతమా?"

ఆపా కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

మరునాడు గుహ ముందు మా పిల్ల చచ్చిపోయింది. చేతిలో పాత కత్తి, సంచి నిండా బంగారం. ఆపా ఆ గుహకున్న రాతి తలుపు మీద వేలు పెట్టింది.

"సూసినవా? ఆ తలుపు కత్తికి తెరుసుకోదు. ముసలాయన చెప్పే మాటకే తెరుసుకుంటది."

"సదువుకు బంగారం పెడ్తరా ఎవలన్న?"

"పెట్టకనే బయట సచ్చింది."

మళ్లీ మొదటి నుంచి ఆడాం. ఈసారి రాలిందంతా ముసలాయనకే ఇచ్చాను. రాతి తలుపు కదిలింది. చప్పట్లు కొట్టి, ఆ ఊపులోనే అడిగేశాను.

"నాకు నేర్పుతవా ఆపా? ఈ వయసుల వస్తదా?"

"ఫీజు ఏమిస్తవ్?"

"ఇంట్ల గుండ్లపేరు ఒక్కటే ఉన్నది ఆపా."

"అరే, గది నాకెందుకే! రోజు ఒక సంచి బంగారం కొట్టి పెట్టు. నేను షాన్‌గ రాణి లెక్క ఖర్చు పెట్టుకుంట."

అట్లా మొదలైంది. నేను రాక్షసులను కొట్టేదాన్ని, ఆపా కవచాలూ గుర్రాలూ కొనేది. ఆ తర్వాత చెడిపోయిన పత్రికల వెనక నాతో అక్షరాలు దిద్దించేది. ఒకరోజు సంచి నిండకపోతే, "ఇయ్యాల సగం పాఠమే," అని నిజంగానే ఆపేసింది.

ఒక మధ్యాహ్నం ఆమె నమాజుకు లోపలికి వెళ్లినప్పుడు పెళ్లికూతురి తండ్రి ఒకాయన వచ్చాడు. కట్టల మీద పేర్లు వేలు పెట్టి, కూడబలుక్కుని చదివి, ఆయన కట్ట ఆయనకిచ్చాను. ఆపా వచ్చి ఖాళీ అయిన జాగా చూసింది.

"ఎవలిచ్చిండ్రు?"

"నేనే."

గల్లా తాళం నా చేతిలో పెట్టి చాయ్ తేవడానికి తనే వెళ్లింది.

ఇప్పుడు మా గల్లీ ఆడవాళ్లు కొందరు చదువు నేర్పమని నా దగ్గరికొస్తారు. నేనూ ఫీజు అడుగుతాను. ఒకామె నా తలకు నూనె పెడుతుంది. ఇంకొకామె పాట పాడుతుంది, గొంతు బాగుండదు, అయినా సగంలో ఆపనివ్వను. ఊరికే నేర్చుకుంటున్నామన్న సిగ్గు వాళ్లకు ఉండకూడదు. ఆపా నాకు ఉండనివ్వలేదు.