ఆగిపోయిన పారాయణ

కార్తీకమాసం. మధ్యాహ్నం పూట మా వసారాలో పారాయణ చదువుతున్నాను. ఎదురుగా మా అత్తయ్యగారు, వీధిలోని నలుగురైదుగురు ఆడవాళ్ళు. ఎప్పుడూ అలవోకగా పైకి ఎత్తే పద్యం దగ్గర గొంతు ఉన్నట్టుండి జారిపోయింది. కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ ఎత్తుకున్నాను. మళ్ళీ అక్కడే జారింది. ఎవరూ పట్టించుకోలేదు. తెల్లవారకుండా కాలవ స్నానాలు చేసే నెలలో గొంతు బాగున్నవాళ్ళు మా ఊళ్ళో ఎవరుంటారు కనుక! అత్తయ్యగారు మాత్రం అందరూ వెళ్ళాక నా పక్కకు వచ్చి, "ఈవేళ గొంతు నీది కాదమ్మాయ్," అన్నారు.

మాది మలికిపురం దగ్గర చిన్న ఊరు. మావారు కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు. అత్తయ్యగారు బడి మొహం చూడలేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, పూజగదిలో ఉన్న మామయ్యగారి పారాయణ గ్రంథం చూపించి, ఇందులో ఏముందో చదివి పెడతావా అని అడిగారు. అలా మొదలైంది. తరువాత చుట్టుపక్కలవాళ్ళూ వినడానికి రాసాగారు. నా గొంతు బాగుంటుందని అందరూ అనేవారు, నాకూ ఆ మాట ఇష్టంగానే ఉండేది. ఇంట్లో ఎన్ని చికాకులున్నా పద్యం ఎత్తుకుంటే మనసు తేలికపడేది. ఆ సంతోషమంతా నా గొంతులోనే ఉందనుకునేదాన్ని.

నియమం పట్టి మొదలుపెట్టిన పారాయణ మధ్యలో ఆపకూడదంటారు మా వైపు. ఆపితే ఇంటికి కీడని భయం. అందుకని కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని, మిరియాల పాలు తాగుతూ లాక్కొచ్చాను. కార్తీకం వెళ్ళిపోయింది, గొంతు మాత్రం బాగుపడలేదు. మెడ మీద ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. మావారు ఆసుపత్రికి బయలుదేరమన్నారు. పారాయణ పూర్తి కానివ్వండి, వెళ్దాం అన్నాను. వీధిలో ఆడవాళ్ళూ నన్నే సమర్థించారు.

ఒకరోజు చదువుతూ చదువుతూ గుక్కెడు నీళ్ళు మింగితే పొలమారి ఊపిరాడలేదు. కాసేపటికి తేరుకున్నాను. అత్తయ్యగారు గ్రంథం నా చేతిలోంచి తీసుకుని, చదువుతున్న చోట తులసిదళం పెట్టి మూసేశారు.

"పాపం తగిలితే నాకే తగలనీ. నువ్వు లే, ఆస్పత్రికి ఎళ్ళండి," అన్నారు.

అమలాపురంలో ఈఎన్‌టీ డాక్టరుగారు ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూశారు. గొంతులో ఎడమవైపు వోకల్ కార్డ్, అంటే మాట పలికించే తంత్రి, కదలడం లేదన్నారు. మెడకు అల్ట్రాసౌండ్ తీశారు. తరువాత గడ్డలో సూది గుచ్చి, తీసిన కణాలను ఎఫ్ఎన్ఏసీ పరీక్షకు పంపారు. రిపోర్టులో థైరాయిడ్ గ్రంథికి పాపిలరీ కార్సినోమా అని వచ్చింది.

"క్యాన్సరే గానీ, ఇది బాగా నయమయ్యే రకం అండి. ఆపరేషన్ చెయ్యాలి. గొంతు సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను," అన్నారు డాక్టరుగారు.

మావారు మొదటి మాటకే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నేను చివరి మాట దగ్గర ఆగిపోయాను.

కాకినాడలో టోటల్ థైరాయిడెక్టమీ చేసి గ్రంథి మొత్తం తీసేశారు. స్పృహ వచ్చాక మావారిని పిలవబోతే గాలి తప్ప మాట రాలేదు. గడ్డ గొంతును కదిలించే నరాన్ని పట్టేసిందనీ, కాపాడాలని చూసినా కుదరలేదనీ సర్జన్‌గారు చెప్పారు. ప్రాణం ముఖ్యం కదమ్మా అన్నారు. తల ఊపాను. ముఖ్యమే, కాదని ఎవరంటారు? అయినా ఆ పూట దిండులో ముఖం దాచుకుని ఏడ్చాను. ఆ ఏడుపుకీ చప్పుడు లేదు.

ఇంటికి వచ్చిన కొద్దిరోజులకే పెదాల చుట్టూ చీమలు పాకినట్టయింది, చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. మళ్ళీ కారు, మళ్ళీ ఆసుపత్రి. ఆపరేషన్ వల్ల కాల్షియం పడిపోయిందని సెలైన్‌లో ఎక్కించారు. ఆ తరువాత పలక దగ్గర పెట్టుకుని, ఏం కావాలన్నా రాసి చూపించేదాన్ని. నా నోరు పడిపోయాక ఈ ఇంట్లో సుఖపడింది మీరొక్కరే అని ఒకరోజు మావారికి రాసి చూపించాను. ఆయన నవ్వబోయి ముఖం తిప్పుకున్నారు.

ఏకాదశి మధ్యాహ్నం రామాలయం మైకులో ఇంకెవరో చదువుతుంటే విని తలుపు వేసుకున్నాను. పూజగదిలో గ్రంథం తెరిస్తే తులసిదళం ఎండిపోయి అక్కడే ఉంది. కళ్ళతో చదవబోయాను. అక్షరాలు కనబడుతున్నాయి గానీ ఒక్కటీ మనసుకెక్కలేదు. దేవుడి మీద కోపం వచ్చింది. తీసుకుపోవడానికి నీకు నీ పేరు పలికే గొంతే దొరికిందా అని అడిగాను.

లోపల క్యాన్సర్ కణాలేమైనా మిగిలి ఉంటే పోతాయని రేడియో అయోడిన్ ఇచ్చారు. ఒంట్లోంచి రేడియేషన్ వస్తుంది కనుక ఇంటికి వెళ్ళాక కొన్నాళ్ళు ఎవరికీ దగ్గరగా ఉండొద్దన్నారు. పెరటివైపు గది నాకు ఇచ్చారు. మొదటి మధ్యాహ్నమే అత్తయ్యగారు పెరట్లో ఆ చివర, ఒలిచిన కొబ్బరికాయల రాశి పక్కన పీట వేసుకుని కూర్చున్నారు.

"నువ్వు చదవలేవు కదా. నువ్వు చదివిందే నేను చెబుతాను, విను," అన్నారు.

నేను ఇన్నేళ్ళూ చదివిన కథ ఆవిడ నోట తిరిగి విన్నాను. పద్యాలు సగం సగం వచ్చేవి, మిగతాది సొంతమాటల్లో కలిపేసేవారు. వెనకది ముందూ, ముందుది వెనకా అయ్యేది. అలా చెబుతూ ఒక మాట దగ్గర ఆగి కళ్ళు మూసుకున్నారు. ఎవరినీ నొప్పించకుండా, దక్కినది దేవుడిచ్చిందనుకుని బతికేవాడి ఆనందాన్ని ఎవరూ తీసుకుపోలేరని ఆ మాటకు భావం. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ ఉండిపోయారు. తరువాతేమిటని కిటికీలోంచి చెయ్యి ఊపాను.

"ఈవేళ్టికి ఇది చాలమ్మాయ్. గేదె మేసేసి ఊరుకుంటాదా, నీడన కూకుని నెమరేసుకుంటాది. నువ్వు చదివింది నేనూ పొద్దుగూకేదాకా అలాగే నెమరేసుకునేదాన్ని," అన్నారు.

కంచె దగ్గర మాతో తగువు పెట్టుకున్న పక్కింటావిడకు అత్తయ్యగారు ఒక సాయంత్రం కొబ్బరి బొండాలు పంపించడం నాకు గుర్తుకొచ్చింది. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆ మధ్యాహ్నం నేనే ఈ మాట చదివి ఉంటాను. నేను గ్రంథం మూసి వంటింట్లోకి వెళ్ళిపోయుంటాను, ఆవిడ ఆ మాట పట్టుకుని కంచె దాకా వెళ్ళారు.

ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ రోజుకొక్క మాట విన్నాను. బయటికి వచ్చాకా ఆ అలవాటు వదల్లేదు. పరగడుపున థైరాక్సిన్ బిళ్ళ వేసుకుని కాఫీ కోసం ఆగే సమయంలో ఆ మాట మనసులో తిప్పుకునేదాన్ని. కొన్నాళ్ళు నా దురదృష్టం తప్ప ఇంకేమీ తిరగలేదు. మెల్లగా మార్పు వచ్చింది. ఒకరోజు బెండకాయలు తరుగుతూ, నేను సంతోషంగా ఉన్నానని గమనించుకున్నాను. ఏ పద్యమూ పాడలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. కత్తిపీట ముందు అలాగే కాసేపు కూర్చుండిపోయాను. ఆ సంతోషం మధ్యాహ్నానికీ ఉంది, మర్నాటికీ ఉంది.

స్పీచ్ థెరపీతో కుడివైపు వోకల్ కార్డ్ ఎడమదాని దగ్గరికి రావడం నేర్చుకుంది. మాట వచ్చింది. బొంగురుగా, మెల్లగా వస్తుంది. పైకి ఎత్తడం ఇక కుదరకపోవచ్చన్నారు. ఇప్పుడు స్కాన్లు శుభ్రంగా ఉన్నాయి, టీఎస్‌హెచ్ రక్తపరీక్షకు వెళ్ళివస్తుంటాను. నా పాత పారాయణ ఒకటి మావారి ఫోన్లో ఉంది. అప్పుడప్పుడు పెట్టుకుని వింటాను. ఆ గొంతు మళ్ళీ కావాలని ఇప్పటికీ ఉంది. పూజలో రోజూ అడుగుతూనే ఉన్నాను, అడగడానికి సిగ్గుపడను. ఇవ్వకపోయినా మర్నాడు కూర్చోవడం మానను.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. గొంతు బొంగురుపోయి రెండుమూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. దీక్ష ఉందనో, పారాయణ మధ్యలో ఉందనో ఆగకండి. దేవుడు మనకోసం ఆగుతాడు, గడ్డ ఆగదు.

ఎండిన తులసిదళం ఉన్న చోటునుంచే పారాయణ మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు అత్తయ్యగారికి వినికిడి తగ్గింది, నా గొంతు వసారా దాటదు. అందుకని ఆవిడ పక్కన ఆనుకుని కూర్చుని, చెవి దగ్గర నోరుపెట్టి చదువుతాను. ఒక్క పద్యానికే నాకు ఆయాసం వస్తుంది. ఆవిడ దాన్ని పట్టుకుని కళ్ళు మూసుకుంటారు, నేనూ మూసుకుంటాను. మొన్న ఆవిడ చెవిలో, ఇలా అయితే ఇది ఎప్పటికి పూర్తవుతుంది అత్తయ్యగారూ అని అడిగాను.

ఆవిడ కళ్ళు తెరవకుండానే నా చెయ్యి పట్టుకున్నారు.

"పూర్తయిపోతే రేపు మధ్యాన్నం నా పక్కన ఎందుకు కూకుంటావమ్మాయ్?" అన్నారు.