ఏనుగు తోక మీది మసి

చేవెళ్ల దాటాక లోపలికి ఉన్న ఒక చిన్న ఊళ్లో రాతి మండపం ఉంది. దాని వెనక గోడ మీద గజలక్ష్మి బొమ్మ. ఎన్ని వందల ఏళ్ల నాటిదో ఊళ్లో ఎవరూ చెప్పలేరు. అమ్మవారి ముఖం, కుడివైపు ఏనుగు మసకగా కనిపించేవి. ఎడమవైపంతా నలుపు. ఆ నలుపు కింద దీపపు గూడు. ఆ గూట్లో రోజూ సాయంత్రం దీపం పెట్టే అవ్వ వయసులో నాకంటే బాగా పెద్దది.

మండపం కట్టించిన వాళ్ల వారసుడు చేవెళ్లలో ఎరువుల దుకాణం నడుపుతాడు. నేను పాత గోడచిత్రాల రంగులు, గారలు పరీక్షించి శుభ్రం చేసే ఉద్యోగం చేసి, రిటైరై మొయినాబాద్‌లో ఉంటున్నానని విని ఒక ఉదయం ఇంటికి వచ్చాడు.

"సార్, ముసలామె దీపంతోని బొమ్మంత ఖరాబైంది. చెప్తె ఇంటలేదు. మీరు జర పరీక్ష చేసి కాయిదం రాసియ్యుండ్రి. అది ఊరోళ్లకు చూపిచ్చి మండపం గేటుకు తాళమేస్త," అన్నాడు.

వెళ్లి, గూటి పైన పెచ్చు లేచిన చోట ఆవగింజలో సగమంత ముక్క తీసుకున్నాను. అవ్వ చీపురు పట్టుకుని పక్కనే నిలబడి చూసింది.

"గింత పెంకుతోని ఏం తెలుస్తది సారు?"

"గోడ మీద ఏది ముందు పడింది, ఏది తర్వాత పడింది, అది తెలుస్తుందవ్వా."

ఆమె చీపురు గోడకు ఆనించింది. "నా దీపమే అని తేల్తె, ఇగ రావొద్దంటరా?"

చూద్దామన్నాను.

ఇంట్లో ఆ ముక్కను పారదర్శకమైన బంకలో నిలబెట్టి, గట్టిపడ్డాక అంచును నునుపుగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. "ఇది అన్నం తినే బల్లండీ," అంటూనే నా భార్య నాకంటే ముందు కన్ను ఆనించింది. "పూతరేకు అంచులా ఉంది," అంది.

అడుగున సున్నపు గార. దాని మీద జేగురు ఎరుపు, ఎక్కడా చెదరకుండా. ఆ పైన నూనెతో కలిసి గట్టిపడ్డ మసి. ఆ మసి మధ్యలో వెంట్రుకంత సన్నగా ఒక తెల్లగీత. దాని మీద మళ్లీ మసి. ఆ గీత దగ్గర గీరిన పొడి మీద ఆమ్లం చుక్క వేస్తే నురగ కట్టింది. సున్నమే. మసి మధ్యకు సున్నం ఎలా వచ్చిందో అర్థం కాలేదు. ఆ రోజు డైరీలో దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను.

మర్నాడు, మైక్రోస్కోపులో కనిపించింది ఫోన్లో ఫోటో తీసుకుని వెళ్లాను. నిజం చెప్పక తప్పదు. "మసి దీపానిదే అవ్వా," అన్నాను.

"మరింకెవలది?" అంటూ ఫోను చేతిలోకి తీసుకుంది. "నడుమ ఈ తెల్లగున్నదేంది?"

"సున్నం. ఎలా వచ్చిందో తెలియడం లేదు."

"నా లగ్గానికి ఈ మండపం పైకప్పుకు సున్నమేసిండ్రు సారు. చుక్కలన్ని గోడ మీద గారినయ్. మా అత్త ఒకటే తిట్టుడు." ఆమె వేలు తెల్లగీత మీద ఆగింది. "అంటె దీని కిందిది మా అత్త దీపంది. మీదిది నాది."

అవునన్నాను. ఫోను తిరిగి ఇవ్వడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

కాగితంలో ఉన్నదున్నట్టు రాశాను. బొమ్మను కప్పింది దీపపు మసే. కింద రంగు బాగుంది, శుభ్రం చేయవచ్చు. ఇకపై దీపం బయటి మెట్టు మీద పెడితే గోడకు ఏమీ కాదు. దుకాణదారు చదివి, శుభ్రమయ్యాక చూద్దామన్నాడు. తాళం మాత్రం కొనే ఉంచాడు.

దూది చుట్టిన పుల్లలతో రోజూ కొంచెం కొంచెం తుడిచాను. నలుపులోంచి తొండం వచ్చింది, చెవి వచ్చింది.

"ఇన్నొద్దులు ఈ ఏనుగు ఏడ దాసుకున్నదో," అంది అవ్వ.

"దాచింది నువ్వే కదా," అంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఎంత శుభ్రం చేసినా అగ్గిపెట్టె అంత చోటు ముట్టకుండా వదులుతాం, ముందు గోడ ఎలా ఉండేదో తర్వాత వచ్చేవాళ్లకు తెలియాలని. ఆ చోటు ఎప్పుడూ నేనే ఎంచేవాణ్ణి. ఈసారి అవ్వను అడిగాను.

ఆమె గోడంతా కలియజూసి, గూటికి పైన ఇంకా నల్లగా ఉన్న చోటు చూపించింది. "తోక మీద ఉంచు. తోక కనవడకుంటె ఏనుగుకేం తక్కువైతది?"

చివరి రోజు దుకాణదారు తాళంతో వచ్చాడు. చెప్పులు విడిచి, రెండు ఏనుగుల మధ్య అమ్మవారికి దండం పెట్టాడు. తర్వాత తోక మీది నలుపును వేలితో చూపించి, "గిదొక్కటి మర్చిపోయిండ్రా సార్?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు అవ్వ అందుకుంది. "మర్చిపోలే. అది మా అత్తది, నాది. తాళమేసుకుంటె ఏసుకో బిడ్డా. రోజు ఊడ్వనీకి చేవెళ్ల నుంచి నువ్వొస్తవా?"

ఆయన తాళం జేబులో వేసుకున్నాడు. అవ్వ దీపం తీసుకెళ్లి బయటి మెట్టు మీద పెట్టింది. గాలికి ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టి, వత్తి నిలదొక్కుకునేదాకా అక్కడే కూర్చుంది.