బొట్టు పెట్టిన చీటీ

ఆ వారమంతా మంచు విపరీతంగా కురిసింది. చెరకు పిప్పి చెమ్మెక్కి పొయ్యిలో సరిగ్గా అంటుకోలేదు. రోలుగుంట దగ్గర మా అత్తవారి ఊళ్ళో గానుగ కట్టి అప్పటికి పది రోజులైంది. సోమవారం పొద్దున్న రెండో పెనం దించి పాకం చల్లారబోస్తుంటే మా తమ్ముడు చోడవరం నుంచి సైకిలు మీద వచ్చేడు. దిగకుండానే, ఒక కాలు నేల మీద ఆన్చి, "అప్పా, దర్జీ తాత పోయేడే" అన్నాడు.

పాకం వదిలేస్తే పెనంలోనే గట్టిపడిపోతుంది. పని పూర్తి చేసేను. మర్నాడు బస్సెక్కేను. నేను వెళ్ళేసరికి మట్టి చేసేసేరు.

ఆయన మాకు చుట్టం కాడు. అనకాపల్లి నుంచి వచ్చి, మా వీధి మొగలో ఉన్న బట్టల కొట్టు అరుగు మీద మిషను పెట్టుకున్న సాయిబు. ఊరికి దర్జీ, పిల్లలకి దర్జీ తాత. భార్య పోయింది. ఒక్కతే కూతురు, పాతిమ. నాకన్నా ఏడాది పెద్ద. నాలుగేళ్ళప్పుడు జ్వరం వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. పొద్దున్న తండ్రి ఎత్తుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టేవాడు, సాయంత్రం ఎత్తుకుపోయేవాడు. తొక్కుడు మిషను అమ్మేసి ఆయన చేతి మిషను కొన్నాడు. వెనక్కి నడుస్తున్నాడని కొట్టు షావుకారు నవ్వేడు. కూతురు పెద్దదయ్యేక చేత్తో తిప్పుకోవడానికని అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

తాత మాట్లాడడం తక్కువ. పెదాల మధ్య ఎప్పుడూ రెండు గుండుసూదులుండేవి. జవాబు చెప్పడం ఇష్టం లేకపోతే దారం కొన నోట్లో తడుపుకుంటూ కూర్చునేవాడు. కుట్టిన చొక్కా ఎప్పుడూ తిరగేసి ఇచ్చేవాడు. "పైకేటి సూస్తావు బాబూ, తిరగేసి సూడు. కుట్టినోడు అక్కడుంటాడు" అనేవాడు.

ఆ రోజుల్లో మిల్లు నుంచి వచ్చే ప్రతి బట్ట తాను మీదా ఒక బొమ్మ చీటీ అంటించి ఉండేది. ఏనుగు, ఓడ, గడియారం, చిలక. చదువు రానివాళ్ళు బొమ్మ చూసి బట్ట గుర్తుపట్టడానికి. తాను విప్పేక షావుకారు చీటీ పీకి పారేసేవాడు. తాత వాటిని ఏరి, తడి గుడ్డతో ఒత్తి, ఎండబెట్టి, దొంతులు కట్టేడు. ఆంధ్ర రాష్ట్రం రాకముందు, నాకు పదకొండేళ్ళప్పుడు, ఒక వానాకాలం మధ్యాహ్నం వీధిలో ఆడపిల్లల్ని, మా గుంటలందర్నీ పిలిచి తలో పదీ పంచేడు.

ఆట ఇది. చీటీలు బోర్లా కుప్ప వేసి అరచేత్తో కొట్టాలి. ఏవి వెల్లకిలా పడితే అవి కొట్టినవాళ్ళవి. అయిదు రకాల బొమ్మలూ చేతిలో చేరితే వరస. వరస చూపించినవాళ్ళకి ఆ రోజు మిగిలిన గుడ్డ ముక్కల్లో మంచిది, పట్టుదైనా సరే, ఆడుకునే బొమ్మకి కోక కట్టడానికి తాత ఇచ్చేవాడు. నాలుగు రకాలు అందరి దగ్గరా ఉన్నాయి. అయిదోది లక్ష్మి. యుద్ధానికి ముందు ఇంగ్లీషు సీమ నుంచి వచ్చిన సన్నబట్ట తాను మీది బొమ్మ. అంచుకి బంగారు పూత. ఆ బట్ట మళ్ళీ రాలేదు. ఆ చీటీ ఒక్క పాతిమ చేతిలోనే ఉంది.

అప్పటిదాకా పాతిమతో ఎవరం మాట్లాడింది లేదు. మర్నాటి నుంచి అరుగు నిండిపోయింది.

ఏ చీటీకి ఎంత విలువో తాత చెప్పలేదు. అది మాకు మేమే తేల్చుకున్నాం. ఏనుగు ఎంత అందంగా ఉన్నా పదిస్తేగాని ఒక గడియారం రాదు. గడియారం బొమ్మ వంకర, రంగు కూడా వెలిసినట్టుంటుంది. కాని ఆ మిల్లు బట్ట ఏడాదికి రెండు తాన్లే వచ్చేది. "ఎందుకు తాతా, ఏనుగు బాగుంటాది గదా?" అని అడిగితే, "నన్నడుగుతావేటే, ధర నేనెట్టేనా? మీరెట్టేరు" అన్నాడు.

ఒకసారి షావుకారు కొడుకు విశాఖపట్నం వెళ్ళి, మిల్లు ఏజెంటు దగ్గర తానుకి అంటించని కొత్త గడియారం చీటీలు ఒక కట్ట తెచ్చేడు. అరుగు మీద నిలబడి దోసిళ్ళతో పంచేడు. మేం ఎగబడి తీసుకున్నాం. ఆ సాయంత్రానికి గడియారాన్ని ఎవరూ ఒక్క ఏనుక్కి కూడా అడగలేదు. గడియారాలు దాచుకున్న ఒక గుంట ఏడుస్తూ కూర్చుంది. తాత దాని చీటీ ఒకటి, కొత్త చీటీ ఒకటి తీసుకుని రెండూ తిరగేసి పక్కపక్కన పెట్టేడు. పాతదాని వెనక జిగురు మరకలో రెండు మూడు నూలు పోగులు అంటుకుని ఉన్నాయి. కొత్తది తెల్లగా ఉంది. పాతిమే అంది:

"తాను మీద పడుకోనిది సీటీ కాదు. పోగు సూపించండి, ఆడండి."

షావుకారు కొడుకు చీటీలతో తర్వాత వాళ్ళింట్లో దీపం బుడ్లు తుడుచుకున్నారు.

ఆ మొదటి రోజుల్లో పాతిమ లక్ష్మిని పందెంలో పెట్టేది కాదు. కుప్పలో అన్నీ వేసి దాన్ని మాత్రం ఒళ్ళో ఉంచుకునేది. రోజూ వరస తనదే. గుడ్డ ముక్కా తనదే. వారం తిరిగేసరికి అరుగు మీద ముగ్గురం మిగిలేం. తర్వాత ఎవరూ లేరు. ఒకరోజు మా అమ్మ రవిక తేవడానికి వెళ్తే తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకుంటున్నారు. నేను గుంజ పక్కన నిలబడ్డాను.

"ఎవరూ రావట్లేదు బాబా."

"ఎందుకొస్తారు బేటీ? నువ్వు ఓడవు గదా."

"ఓడితే నాకేటి ఉంటాది?"

"నీ కాడే ఉండిపోతే అది బొమ్మ. సెయ్యి మారితేనే ఆట. నీ ఇష్టం మరి. బొమ్మ కావాలేటి, ఆట కావాలేటి?"

మర్నాడు పాతిమ లక్ష్మిని కుప్ప మీద అన్నిటికన్నా పైన పెట్టింది. పెట్టేక చెయ్యి వెంటనే తియ్యలేదు. ఆ కబురు వీధి చివరిదాకా పోయింది. పదమూడు మందిమి కూర్చున్నాం. నా దెబ్బకి లక్ష్మి వెల్లకిలా పడింది.

ఇంటికి పరిగెత్తి మా మామ్మకి చూపించేను. అదీ నేను చేసిన పొరపాటు. మామ్మ చెయ్యి కడుక్కుని మరీ చీటీ అందుకుంది.

"ఓలమ్మ, లచ్చిందేవి! అరుగు మీద ఏసి కొడతన్నారేటే అమ్మని? బుద్దుండక్కర్లేదూ?"

"అది ఆట సీటీ మామ్మా!"

అప్పటికే పసుపు రాసి, నుదుట కుంకం బొట్టు పెట్టేసింది. దేవుడి గూట్లో దీపం కుందె పక్కన నిలబెట్టింది. "బొట్టెట్టేక ఆటేటే, ఎల్లెల్లు" అంది.

నాలుగు రోజులు నేను కొట్టు వైపు పోలేదు. వాళ్ళకున్న ఒక్కటీ పోగొట్టేనని భయం. అయిదో రోజు తాతే రవిక పట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చేడు. మామ్మ ఆయన నోరు విప్పక ముందే అందుకుంది.

"తీసీమంటే ఊరుకోను సాయిబూ. ముందే సెప్తన్నాను."

"తియ్యొద్దమ్మా. కూకున్న ఆవిడ్ని లేపుతామా?"

నేను తలుపు వెనక నుంచి అడిగేను. "ఇంకోటి లేదా తాతా?"

ఆయన జేబులోంచి దారం తీసి కొన నోట్లో తడిపేడు. "ఉన్నదాంతో ఆడండే" అన్నాడు.

మర్నాడు కొత్త రూలు పెట్టేడు. లక్ష్మి బదులు కుప్పలో ఎర్ర గుడ్డ ముక్క ఉంటుంది. ఆ ముక్క గెలిచినవాళ్ళదే గూట్లో ఉన్న లక్ష్మి. కాని పొద్దు గూకేలోగా మా ఇంటికొచ్చి కళ్ళతో చూసుకోవాలి. చూడకపోతే తనది కాదు, తర్వాతి వాళ్ళది.

మాకు నవ్వొచ్చింది. చేతికి రాని చీటీ కోసం ఎవరాడతారు? కాని ఆడేరు. అంతకుముందు కన్నా ఎక్కువ ఆడేరు. రోజూ సాయంత్రం ఎవరో ఒక గుంట, వెనకాల నలుగురు, మా గుమ్మంలో నిలబడి తొంగి చూసి, "ఈయేళ నాది" అని వెళ్ళేవారు. "నా ఇల్లు తిరనాలైపోనాది" అని మామ్మ సణిగేది. సణుగుతూనే వచ్చినవాళ్ళ చేతిలో బెల్లం ముక్క పెట్టేది.

కార్తీకంలో ఒకనాడు ఎర్ర గుడ్డ పాతిమకి పడింది.

పాతిమ గుడ్డ ముక్క మడత పెడుతూ కూర్చుంది. ఒక గుంట మెల్లిగా అంది. "తాతా, పాతిమ నడిసి రాలేదు గదా. సూడకపోయినా దానిదే అనుకుందుమా?"

"రూలు రూలే" అన్నాడు తాత తలెత్తకుండా. చెయ్యి మిషను పిడి తిప్పుతూనే ఉంది. సూది కింద బట్ట లేదు. అది నేను చూసేను.

నేనూ ఇంకో గుంటా చేతులు కలిపి కుర్చీ కట్టేం. పాతిమ మా ఇద్దరి మెడల చుట్టూ చేతులు వేసింది. బరువే. పది అడుగులకోసారి మనిషి మారేం. తండ్రి భుజం మీద కొట్టుకీ ఇంటికీ తప్ప ఆ పిల్ల ఎప్పుడూ వీధిలోకి రాలేదు. "ఇది ఎవరిల్లు? ఇది ఎవరిల్లు?" అని అడుగుతూనే ఉంది. అవన్నీ వాళ్ళ అరుక్కి యాభై అడుగుల్లో ఉన్న ఇళ్ళు. అరుగుల మీద ఆడవాళ్ళు చేటలు పట్టుకుని లేచి నిలబడ్డారు. "పల్లకీ ఎక్కేవేటే, పిల్లా?" అని ఒకావిడ కేకేసింది. "లచ్చిమి నాదైపోనాది!" అని పాతిమ అరిచింది. దాని గొంతు అంత పెద్దదని మాకు తెలీదు.

మా గుమ్మం దగ్గర ఆగేం. సాయిబుల పిల్లని గూటిదాకా తేవచ్చో లేదో మాకు తెలీలేదు. మామ్మకీ తెలీలేదనుకుంటాను. కాసేపు నిలబడి ఆలోచించింది. "అరుగు మీద కూకోబెట్టండి" అంది. లోపలికెళ్ళింది. లేపకూడదన్న అమ్మని తనే లేపి, ఇత్తడి పళ్ళెంలో పెట్టి బయటికి తెచ్చింది.

"నీదేనే గుంటా. సూసుకో."

పాతిమ ముట్టుకోలేదు. వంగి చూసింది. "బొట్టు బాగుంది" అంది. మామ్మ మిగతావాళ్ళకి ఇచ్చే బెల్లం ముక్క కన్నా పెద్దది ఇచ్చింది. అందుకు మేం తర్వాత దెబ్బలాడేం.

ఆ తర్వాత పాతిమ గెలిచినా వచ్చేది, గెలవకపోయినా వచ్చేది. ఊళ్ళో మేం మొయ్యని వీధి లేదు. తాత మాత్రం అరుగు మీదే, తల వంచుకుని.

ఈ మధ్య పిప్పరమెంట్లతో పాటు బొమ్మ కాగితాలు ఇస్తున్నారు. మా బావగారి పిల్లలు రెండు రోజులు ఆడి పారేస్తున్నారు. అన్నీ అందరికీ దొరుకుతున్నాయి, లేదా ఒకటి ఎవరికీ దొరకడం లేదు. పిల్లల కోసం ఆటలు కట్టేవాళ్ళెవరైనా ఇది చదివితే నాకు తెలిసింది ఇంతే చెప్పగలను. బంగారు పూత వల్ల ఆ చీటీకి విలువ రాలేదు. దానికోసం ఎవరింటికి నడవాల్సి వచ్చిందో, ఎవరు ఇష్టం లేకుండా వదులుకున్నారో, దానివల్ల వచ్చింది. నాకది తెలియడానికి ఏళ్ళు పట్టింది. ఎనిమిదో క్లాసు చదివినదాన్ని. ఆ దర్జీకి సంతకం కూడా రాదు.

మంగళవారం నేను వెళ్ళేసరికి పాతిమ అరుగు మీద మిషను ముందే కూర్చుని ఉంది. అనకాపల్లి నుంచి చిన్నాన్న వచ్చేడు, తీసుకెళ్ళిపోతానంటున్నాడు. బొత్తాల డబ్బా సర్దడానికి ఇద్దరం చాప మీద బోర్లించేం. డబ్బా అడుగున వేసిన కాగితం ఊడింది. దాని కింద లక్ష్ములున్నాయి.

ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. లెక్కపెట్టలేదు. బంగారు పూత అలాగే ఉంది. పాతిమ ఒకటి తిరగేసింది. నేనొకటి తిరగేసేను. పోగులున్నాయి.

నేనన్నాను. "ఆయేళ మా మామ్మ గూట్లో ఎట్టేసుకున్నప్పుడు, ఇందులోది ఒకటి తీసిస్తే సరిపోయేది గదే."

"సరిపోయేది" అంది పాతిమ. "నేనూ ఇక్కడే కూకుండిపోయేదాన్ని."

బొమ్మలన్నీ వరసగా పరిచి చూసింది. "వీటికి బొట్టు లేదు" అంది. మళ్ళీ అడుగున పెట్టి, మీద కాగితం వేసి, బొత్తాలు పోసి మూత పెట్టింది.

మా మామ్మ పోయి మూడేళ్ళైంది. గూట్లో లక్ష్మి పొగకి నల్లబడింది గాని బొట్టు కనిపిస్తూనే ఉంది. వెళ్ళేముందు పట్టుకొచ్చి ఇవ్వనా అని అడిగేను.

"ఆఖరాట ఎవరు గెలిచేరు?" అంది.

"నువ్వే."

"మరి నాదే గదా. అక్కడే ఉండనీ. సూడ్డానికి రావాలి."

శుక్రవారం పొద్దున్న ఏడు గంటల బస్సుకి పాతిమ, వాళ్ళ చిన్నాన్న అనకాపల్లి వెళ్ళేరు. మిషను బస్సు మీద వేసేరు. డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.