డిస్కు బాగానే ఉంది

ఆదివారం మధ్యాహ్నం రెండుంపావుకి తాడేపల్లిగూడెంలో కరెంటు వచ్చింది, నేను సినిమా పెట్టాను. ఆ రోజుల్లో సగం ఊరు ఏం చూడాలో తేల్చే అధికారం నాదే. అంత అధికారం మళ్ళీ దక్కలేదు. ఏలూరులో ఎమ్మే చదివి, మావయ్య కేబుల్ గదిలో డిస్కులు తుడిచి పెట్టే ఉద్యోగంలో చేరాను (చదువు అందుకు అడ్డురాలేదు). ఎప్పుడూ ఫైటింగులేనా అని, ఆ వేళ నా అభిరుచి కొద్దీ తెలుగులోకి డబ్బింగ్ చేసిన ఒక ఇంగ్లీషు సినిమా ఎంచాను. అందులో హీరోకి ఒకే రోజు మళ్ళీ మళ్ళీ వస్తుంది. లేస్తాడు, పళ్ళు తోముకుంటాడు, పడుకుంటాడు. లేస్తే మళ్ళీ నిన్నటి రోజే. ప్రజలు కాలం గురించి ఆలోచిస్తారని ఆశపడ్డాను.

ప్రజలు ఫోన్లు చేశారు. "ఏవండీ, మీ డిస్కు గీతలు పడిందండీ. ఆయన పళ్ళు తోముకోవడం ఇది మూడోసారండీ" అన్నారు ఉల్లిపాయల మార్కెట్ నుంచి ఒకాయన. "కథే అంతండీ, ఆ రోజే మళ్ళీ వస్తుందండీ" అన్నాను. "వస్తందనే కదండీ చెబుతున్నాం! తుడిచి పెట్టండి." చర్చి వీధి టీచరుగారు ఇంకా మర్యాదగా, పోటీ కేబుల్ మనిషి కనెక్షన్ ఇస్తానంటూ తమ గుమ్మంలోనే నిలబడ్డాడని చెప్పారు.

ఆ కబురు విని మావయ్య భోజనం మధ్యలో లేచొచ్చాడు. "ఒరే, ఆ వీధి పోయిందంటే సాయంత్రం బస్సుకి నువ్వూ ఏలూరు పోవడమే. ఏంట్రా ఈ గోల?" నేను కాలస్వరూపం దగ్గర మొదలుపెట్టాను. ఆయన ఎంగిలి చెయ్యి అడ్డం పెట్టాడు. "అదంతా నాకెందుకు? జబ్బు డిస్కుకా, మనిషికా?" "మనిషికే మావయ్యా." తెర అడుగున చీరల, బిర్యానీల ప్రకటనలు పరుగెత్తే స్క్రోలింగులో ఎడంచేత్తో ఒక్కొక్క అక్షరమే వెతికి కొట్టాడు: 'మనవి: డిస్కు బాగానే ఉంది. జబ్బు హీరోకి.'

ఫోన్లు ఆగలేదు గానీ గొంతులు మారాయి. "పాపం, ఎవరికైనా చూపించారాండీ?" అని ఒకావిడ. "ఈ రాత్రికి పడుకోవద్దనండి, తిన్నగా రైలెక్కెయ్యమనండి" అని ఉల్లిపాయలాయన. టీచరుగారు ప్రార్థనలో తలుచుకుంటామన్నారు (పోటీ కేబుల్ మనిషి కూడా లోపలికొచ్చి కూర్చుని చూస్తున్నాడట). చివరికి హీరోకి మర్నాడు వచ్చింది. నాకు ఉద్యోగం మిగిలింది.

కాలం గురించి ఊరికి పాఠం చెప్పబోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడు మావయ్య ఎప్పటికీ ఉంటాడనే అనుకునేవాడు. ఆయన పోయాక గది మూసేశాం. ఇప్పుడు ఊరందరికీ కలిపి ఒకే సినిమా ఎవరూ వెయ్యడం లేదు.