బకెట్టులో మునిగిన నీళ్ల బంగ్లా

పట్నానికంతటికీ నీళ్లు తోడిపోసిన బంగ్లాను నేను ఒక్క బకెట్టు నీళ్లలో ముంచేశాను. ఏ వరదా చేయలేని పని సబ్బుబిళ్లతో చేశాను. మూడో తరగతితో బడి మానినదాన్ని. ఇంతటి ఘనకార్యానికి చదువుతో పనిలేదని మీకే తెలుస్తుంది.

అప్పటికి మా పెద్దబిడ్డ సుజాతకు నాలుగో నెల. గోదావరిఖనిలో క్వార్టరు. మా ఆయన బొగ్గుబాయి దిగేవాడు. కాలు విరిగాక, గీత తిన్నగా వస్తుందని పైన నక్షాల ఆఫీసులో ట్రేసరు పని ఇచ్చారు. నక్షా మీద పలుచటి బట్ట పరిచి, గీతకు గీత దించడం ఆ పని. గంజి పట్టి కాగితంలా బిగుసుకుని ఉంటుంది ఆ బట్ట. చెడిపోయిన ముక్కలు ఇంటికి తెచ్చేవాడు. వేడినీళ్లలో నానబెడితే గంజీ సిరా వదిలి వెన్నలాంటి బట్ట మిగిలేది. ట్రేసర్ల ఇళ్లల్లో పసిపిల్లలంతా అదే తొడుక్కుని పెరిగారు.

ఒకసారి పట్నం ఇంజనీరు ఒకాయన, బట్ట మీదే గీసిన పాత నీళ్ల బంగ్లా నక్షాలు మూడు ఇచ్చి, పాడైపోతున్నాయి, నకళ్లు తీయమన్నాడు. మా ఆయన డ్యూటీ అయ్యాక ఇంట్లో కూర్చుని గీసేవాడు. రెండు పూర్తయ్యాయి. మూడో పాత నక్షా మూలన చుట్టి ఉంది. దాని నకలూ అయిపోయిందనుకున్నాను. మంచి బట్ట ఊరికే పడి ఉంటే నాకు అన్నం సయించదు. అడగొచ్చు కదా అంటారేమో. అడిగితే వద్దంటాడని అడగలేదు.

ఆయన వచ్చేసరికి సుజాత కొత్త జబ్లాలో నిద్రపోతోంది. ఆయన మూల వెతికాడు, మంచం కింద వెతికాడు, ఆఖరికి బిడ్డ దగ్గర ఆగాడు. సిరా పూర్తిగా పోలేదు. వీపు మీద బూడిదరంగులో వరసగా కిటికీలు.

"గిదేంది?"

"జబ్లా."

"ముందుగాల ఏముండె?"

నేను ఖాళీ మూల చూపించాను.

"గది నేనింక దించలే. ఎల్లుండి సారుకియ్యాలె. పని చేతగాదంటే నన్ను మళ్ల బాయిల దింపుతరు."

ఆ కాలుతో బాయి. జబ్లా విప్పబోయాను.

"విప్పకు. గంజి పోయిన బట్ట ముడుచుకుంటది. బిడ్డ ఒంటి మీదనే సాపుగున్నది," అని స్కేలు తెచ్చుకున్నాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మా ఇంట్లో అది నక్షా ఉతకనేల, బిడ్డను కొలవనేల అయింది. మిగిలిన పీలికలు నేల మీద పేర్చాడు. నేను బిడ్డను బోర్లా పట్టుకుంటే కిటికీలు లెక్కపెట్టాడు. వెల్లకిలా తిప్పితే పొట్ట మీద పెద్ద కమాను. పాలు తాగగానే కమాను ఉబ్బింది. అరిగేదాకా పెన్సిలు పక్కనపెట్టి కూర్చున్నాడు. తుమ్మితే బంగ్లా పునాదులతో అదిరింది. మర్నాడు బంగ్లాలోకి నీళ్లు కూడా వచ్చాయి. పిండి, ఆరేసి, మళ్లీ తొడిగాను.

ఇంత జరిగినా నన్ను ఒక్క మాట అనలేదు. "బట్టయితే మెత్తగున్నది," అన్నాడంతే.

ఇంజనీరు నకలు చూసి మెచ్చుకున్నాడు. పాతదేదంటే, పట్టుకుంటే పొడైపోయిందని చెప్పాడట మా ఆయన. ఆయన ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే.

ఆయన పోయి ఆరేళ్లు. మొన్న సుజాత కూతురు హారిక వచ్చింది. భవనాలు కట్టే చదువు చదువుతోంది. ఆ బంగ్లా మరమ్మతుకు కొలతలు తీస్తున్నారట. ఫోనులో తాత గీసిన నక్షా, మూలన ఆయన సంతకం చూపించింది. నేను మురిసిపోయేలోపే అంది:

"అమ్మమ్మా, బంగ్లాకు తొమ్మిది కిటికీలున్నయి. తాత ఎనిమిదే గీసిండు. గీసినాయనకు లెక్క రాదా అని మా కాలేజోళ్లు నవ్విండ్రు."

ఆయన్ను చూసి నవ్వడమా? పెట్టె అడుగునుంచి జబ్లా తీశాను. కత్తెరతో చంక కింది కుట్టు విప్పాను. మడతలో, ఉతుకు తగలక, అన్నిటికంటే నల్లగా తొమ్మిదో కిటికీ.

"మీ తాతకు లెక్క మంచిగొచ్చు," అన్నాను. "కుట్టింది నేను. పోయి చెప్పు."

కాబట్టి, ఆ విప్పిన కుట్టు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: అడగకుండా ఇక ఏ బంగ్లానూ నానబెట్టను. ఒకవేళ నానబెట్టినా, కిటికీలన్నీ లెక్కపెట్టుకున్నాకే కత్తెర పట్టుకుంటాను.