నేల బోలుగా మోగిన రోజు

మా చిన్నప్పుడు... మా బాపు ఎవరింటికి పోయినా కూర్చునే ముందు తల ఎత్తి దూలాన్ని ఓసారి తట్టి చూసేవాడు. మేనత్త పెళ్లి మాటలకు పోయిన ఇంట్లో కూడా అంతే... వాళ్లు చాయ్ పోస్తుంటే ఈయన లేచి దూలాన్ని టక్ టక్‌మని కొట్టి చెవి పెట్టాడు. పెళ్లివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా అవ్వకు, అంటే అమ్మకు, తల కొట్టేసినంత పనయింది.

మాది మందమర్రి. బాపు బొగ్గుబాయిలో, భూమి కింది గనిలో, పనిచేసేవాడు. అక్కడ పైకప్పును ఇనుపరాడుతో తట్టి, రెండో అరచేతిని రాయికి ఆనించి వినకుండా ఎవరూ దాని కింద నిలబడరు. ఖంగుమంటే గట్టిది... బోలుగా మోగితే పొర విడిపోయిందని అర్థం, దూరం జరగాలి. ఆ అలవాటు బాపు వెంట ఇంటికి కూడా వచ్చేసింది.

"గట్లెందుకు మోగుతది బాపూ?" అని నేను ప్రాణం తీసేదాన్ని.

అవ్వ సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తుంది కదా, దాంతోనే చెప్పేవాడు. "మంచి కుండంత ఒక్కటే తీరు ఉంటది బిడ్డా. కొట్టిన దెబ్బ అంతట తిరుగుతది, అందుకే మోగుతది. పగిలినదాంట్ల పగులు కాడనే ఆగిపోతది. రాయి గూడ గంతే."

ఇంకేం... ఆ ఎండాకాలం సెలవుల్లో నా చేతికి చపాతీల కర్ర దొరికింది. కనిపించినదాన్నల్లా కొట్టడమే పని. గిలాసల్లో నీళ్లు తక్కువా ఎక్కువా పోసి చెంచాతో కొడితే ఒక్కో గిలాస ఒక్కో గొంతుతో పలికేది. నీళ్లు ఎక్కువైతే గొంతు ఎందుకు బొంగురు పోతుందో ఎంత ఆలోచించినా తెలిసేది కాదు. మా తమ్ముడు చిన్నోడు ఇంకా బడికి పోయే ఈడు కాదు... ఆ గిలాసలంటే పడిచచ్చేవాడు.

ఒకరోజు పెరట్లో, అంట్లు తోముకునే జాలారి పక్కన కొట్టాను... నేల డప్పులా మోగింది. పక్కకు జరిగి కొడితే మామూలే. మళ్లీ అక్కడే... ధబ్... ధబ్... నాకెంత సంబరమో! చిన్నోణ్ణి పిలిచి దాని మీద గెంతమన్నాను. వాడు గెంతినప్పుడల్లా పక్కనున్న బకెట్‌లో నీళ్లు వణుకుతున్నాయి.

"బాపూ, నేల మోగుతుంది, జర వచ్చి చూడు!" అని అరిచాను.

బాపు షిఫ్టు దిగి వచ్చి అప్పుడే అన్నం ముందు కూర్చున్నాడు. కలిపిన ముద్ద చేతిలో పట్టుకునే పెరటి గుమ్మంలోకి వచ్చి విన్నాడు. ఆయన ముఖం అట్లా మారిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వు ఇటు రా. దుంకకు... మెల్లగ అడుగేసుకుంట రా."

నేను వచ్చాను. చిన్నోడు రాలేదు. ఇదేదో కొత్త ఆట అనుకుని ఇంకా గట్టిగా గెంతుతున్నాడు. అవ్వ వాడి దగ్గరికి పరుగెత్తబోతే బాపు రెక్క పట్టి ఆపాడు.

"నువ్వు పోకు. మన బరువుకు ఆగదది. కింద ఖాళీ ఉన్నది."

తర్వాత నా వైపు తిరిగి, "బిడ్డా, గా గిలాసలు తెచ్చి కొట్టు," అన్నాడు. గొంతు నెమ్మదిగానే ఉంది... అవ్వ రెక్క మాత్రం వదల్లేదు.

గడప మీద గిలాసలు పెట్టి కొట్టాను. నీళ్లు ఒలికిపోతున్నాయి, ఏది ఏ గొంతో తెలియడం లేదు, నాకు ఏడుపొస్తోంది. "నవ్వుకుంట కొట్టు బిడ్డా... ఏడిస్తే రాడు," అంటున్నాడు బాపు. చిన్నోడు గెంతడం ఆపాడు. అక్కడే నిలబడి విన్నాడు... చివరికి, "అక్కా, నేను కొడ్త!" అంటూ వచ్చాడు. అందుబాటులోకి రాగానే బాపు వాణ్ణి లోపలికి లాగి గుండెకు అదుముకున్నాడు. వాడి వీపంతా అన్నం మెతుకులే.

బాపు బోర్లా పడుకుని, దూరం నుంచే కర్రతో తట్టుకుంటూ, అరచెయ్యి నేలకు ఆనించి చాలాసేపు విన్నాడు. ఎప్పుడో బొగ్గు తీసి వదిలేసిన పాత బాయి కింద ఉన్నట్టుందన్నాడు. అది మా వంటింటి కింద దాకా వచ్చిందో లేదో ఎవరికి తెలుసు? వేరే ఇల్లు వెతుకుతూనే, మంచాలు అడ్డం పెట్టి ఎవరినీ అటు పోనివ్వలేదు. తొలివాన పడ్డాక, ఒక పొద్దున మేం చూస్తుండగానే... జాలారి బండ, బకెట్, కింది మట్టి అన్నీ మెత్తగా దిగిపోయాయి. గుండ్రంగా నల్లటి గుంత మిగిలింది.

బాపు దూరం నుంచి అందులోకి ఒక రాయి విసిరాడు. అందరం చెవులు పెట్టి విన్నాం.

"పడ్డదా బాపూ?"

"పడే ఉంటది బిడ్డా."

చప్పుడు మాత్రం రాలేదు. ఆ రోజే సామాను సర్దుకుని ఇల్లు మారాం.

ఇప్పుడు బాపు లేడు. ఆ ఇళ్లూ లేవు... అక్కడంతా పైనుంచే ఓపెన్‌కాస్ట్ గనిగా తవ్వేశారు. మేం గెంతిన నేల ఉన్నచోట ఇప్పుడు గాలే ఉంది. చిన్నోడు దుబాయ్‌లో ఏదో పెద్ద టవర్‌లో పనిచేస్తున్నాడు, వాడికి ఇదేం గుర్తులేదు. నేను కరీంనగర్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను.

నిన్న మా పాప గరిటె పట్టుకుని ఇల్లంతా కొడుతూ తన మంచం దగ్గర ఆగింది. "అమ్మా, గీ టైల్ ఒక్కటే వేరే తీరు మోగుతుంది... ఎందుకు?"

మేస్త్రీని పిలిచాను. "కింద సిమెంటు సరిగ పడలే మేడం, ఫికర్ జేయకుండ్రి," అని నవ్వేసి పోయాడు. నిజమే... ఆ కింద ఉన్నది వేరేవాళ్ల హాలు. నాకూ తెలుసు. అయినా ఆయన పోగానే మంచం పక్కకు జరిపాను.

ఇప్పుడు అందరి ఇళ్లూ నున్నగా మెరుస్తున్నాయి... తట్టి చూసి కూర్చునేవాళ్లే లేరు. మీ పెద్దవాళ్లు ఏయే వస్తువుల్ని తట్టి, విని, అప్పుడు నమ్మేవాళ్లు? గుర్తుంటే కింద రాయండి...

ఇది రాస్తుంటే పక్క గదిలోంచి గరిటె చప్పుడు వినిపిస్తోంది. టక్... టక్... పాపను ఆపమనలేదు. నేనూ చెవి పెట్టి వింటున్నాను.