ఇశ్రాయేలు మాస్టారి తొమ్మిదో పాఠం

ఇశ్రాయేలు మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే, వ్యక్తిత్వ వికాసం. అదీ ఎదుటివాళ్ళది. తనది ఎప్పుడో పూర్తయిపోయిందని ఆయన నమ్మకం.

రాజోలు దగ్గర ఒక స్కూల్లో ఆయనా నేనూ పన్నెండేళ్ళు కలిసి పనిచేశాం. రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా, జీవితంలో పైకి రావడం ఎలాగో చెప్పే పుస్తకం ఒకటి కొనుక్కొచ్చేవారు. ఇక వారం తిరిగేసరికి ఊరంతా పైకి రావలసిందే. పెందలాడే లేవాలన్న పాఠం చదివిన మర్నాడు వీధిలో తలుపులన్నీ తట్టారు. అందరూ లేచారు. ఆయన వెళ్ళి పడుకున్నారు.

ఓసారి మేమిద్దరం ఏరు దాటుతుంటే, పడవ నడిపే సింహాద్రిని నడి ఏట్లో పట్టుకుని, జీవితంలో నీ గమ్యం ఏమిటని నిలదీశారు.

“అవతలి గట్టండి,” అన్నాడు సింహాద్రి.

“ఆ తరవాత?”

“ఇవతలి గట్టండి.”

మనిషి ఎదగకపోవడానికి ఇదే కారణమని ఉపన్యాసం ఎత్తుకున్నారు. వినే ధ్యాసలో సింహాద్రి పడవ ఎప్పుడు తిప్పాడో ఏమో, దిగి చూస్తే మేము ఎక్కిన రేవే.

కాదనడం నేర్చుకోమని ఊళ్ళో ఆడవాళ్ళకి చెప్పారు. అందరికంటే ముందు నేర్చుకున్నది ఆయన భార్య రూతమ్మ గారు. మాస్టారికి రెండో కాఫీ ఆ రోజుతో ఆగిపోయింది.

ఆయన ఎదుట మాట పూర్తి చేసిన మనిషిని నేను చూడలేదు. మనం తలనొప్పి అనేలోపు ఆయన నాలుగో పాఠంలో ఉండేవారు.

మా వీధిలో మరియమ్మ గారమ్మాయి సలోమికి నత్తి. టీచరు ట్రైనింగు ఫస్టు క్లాసులో పాసయింది గానీ, ఇంటర్వ్యూలో తన పేరు దగ్గరే ఆగిపోయింది. పేరు చెప్పలేని పిల్ల పాఠం ఏం చెబుతుందని పంపేశారు. డెబ్భై తొమ్మిదిలో మళ్ళీ పిలుపొస్తే వెళ్ళనని మొండికేసింది. మాస్టారు పుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరారు. ఆ పిల్ల మీద జాలితో నేనూ వెంట వెళ్ళాను.

“తొమ్మిదో పాఠంలో ఉందమ్మా,” అన్నారు. “ఆగి ఆగి మాట్లాడేవాళ్ళు ఆలోచించి మాట్లాడతారంట. నువ్వు ఎక్కడ ఆగాలంటే అక్కడ ఆగు. వినేవాళ్ళూ ఆగుతారు.”

నెల్లాళ్ళు రోజూ సాయంత్రం వాళ్ళ అరుగు మీద కూర్చుని ఇంటర్వ్యూ చేశారు. ప్రశ్న అడగడం, నోరు మూసుకోవడం. ఆ పిల్ల మొదటి అక్షరంతో పెనుగులాడుతుంటే, తొందరేమీ లేనట్టు దొడ్లో కోళ్ళని చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు ఉండబట్టలేక నేను మాట అందించబోతే కళ్ళెర్రజేశారు.

సలోమికి ఉద్యోగం వచ్చింది. “మూడుసార్లు ఆ… ఆగేనండి. వాళ్ళూ ఆగేరు,” అంది.

కొన్నాళ్ళకి స్కూలు వార్షికోత్సవంలో నన్ను మాట్లాడమన్నారు. సభ అంటే నాకు భయం. ఆ పాఠం చదువుకుందామని మాస్టారి పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. తొమ్మిదో పాఠం తీస్తే, తడబడేవాడికి లోకంలో చోటు లేదని మొదలైంది. ఆపైన మూడు పేజీలూ ఇంకుతో కొట్టేసి ఉన్నాయి. అచ్చయిన ముక్కని ఏనాడూ అనుమానించని మనిషి. వెళ్ళి అడిగాను.

“అచ్చుతప్పండి. దిద్దేను,” అన్నారు.

“మూడు పేజీలూనా?”

“ఆయ్.”